గిరిజాకుమారి గారి ప్రింటరు, బాలశౌరి మొహమాటం

బాలశౌరికి 'కుదరదు' అనే మాట తెలుగులోనూ రాదు, ఇంగ్లీషులోనూ రాదు. ఫిరంగిపురంలో ఉన్నన్నాళ్లూ అది లోపంగా ఎవరికీ కనిపించలేదు. అడిగినవాడికి సైకిలిచ్చి తాను నడిచిపోయేవాడు, అంతే. డబ్లిన్ వచ్చి, క్లాండాల్కిన్ బిజినెస్ ఎస్టేట్‌లో ఒక కంపెనీకి కంప్యూటర్ల మనిషయ్యాక ఆ గుణం ముదిరి జబ్బయింది. కంపెనీ నర్సింగ్ హోములకి గ్లౌజులు, బ్యాండేజీలు సరఫరా చేస్తుంది. పైన ఆఫీసు, కింద గోడౌను. రెంటిలో ఏ కంప్యూటరు మొరాయించినా పిలుపు బాలశౌరికే.

ఆ ఆఫీసులో తెలుగు మాట్లాడే ఇంకో మనిషి గిరిజాకుమారి. భర్త జానకిరామ్ లీక్స్‌లిప్‌లో కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీ ఇంజనీరు. పిల్లలు కాలేజీలకి వెళ్లిపోయాక లూకన్ ఇంట్లో ఆవిడకి టీవీతో కబుర్లు చెప్పడం అలవాటైంది. అది గమనించుకుని భయపడి, యాభైకి దగ్గరపడిన వయసులో జీవితంలో మొదటిసారి ఉద్యోగానికి అప్లై చేసింది. డెలివరీ డాకెట్లు, అంటే ఏ సరుకు ఎవరికి వెళ్లాలో రాసిన చీటీలు, ప్రింటు తీసి గోడౌనుకి పంపే పని దొరికింది. ఆర్నెల్ల ప్రొబేషన్. మెళ్లో కంపెనీ కార్డుని ఇంటికెళ్లే బస్సులో కూడా తీసేది కాదు. ఒంగోలులో ఉన్న చెల్లెలికి వీడియోకాల్ చేసినప్పుడు ఆ కార్డు కెమెరాకి ఆనేలా కూచునేదని జానకిరామ్ ఎవరితోనో చెప్పి నవ్వాడట.

ఆవిడ చేతి వంట స్టీలు డబ్బాలో బాలశౌరి బల్ల మీదికి వచ్చేది. డబ్బాని ఉత్తది పంపకూడదు కనక బాలశౌరి భార్య లీలారాణి అందులో సున్నుండలో, చేగోడీలో పెట్టి తిప్పి పంపేది. అలా ఆ డబ్బా లూకన్‌కీ క్లాండాల్కిన్‌కీ మధ్య, టికెట్టు లేకుండా, మనుషులకంటే ఎక్కువ తిరిగింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం గిరిజాకుమారి మెల్లిగా అతని బల్ల దగ్గరికి వచ్చింది. ఒంగోలులో చెల్లెలి కూతురి నిశ్చితార్థం జరుగుతోంది. లైవ్ పెట్టారు. ఫోనులో చూద్దామంటే డేటా అయిపోయింది, ఆఫీసు కంప్యూటర్లో ఆ వీడియో తెరుచుకోవడం లేదు. తాంబూలాలు మార్చుకునే ఘడియ ఒక్కటి చూస్తే చాలంది.

ఆఫీసులో వీడియోలు రాకుండా కట్టడి చేసినవాడు బాలశౌరే. ఆ రోజు డబ్బాలో పనసపొట్టు కూర ఉంది. డబ్లిన్‌లో పనసపొట్టు కూర పెట్టిన మనిషికి కుదరదని ఎవరు చెప్పగలరు?

కంప్యూటర్లకి ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకోవడమే తెలుసు. ఆ పేరుగల మెషీను ఎక్కడుందో చెప్పడానికి ఆఫీసులో ఒక సర్వరుంటుంది. పల్లెటూరి పోస్ట్‌మాన్ లాంటిదన్నమాట. ప్రింటరేది, ఫైళ్ల సర్వరేది, అన్నిటి చిరునామా దానికి తెలుసు. చూడకూడని వీడియోల చిరునామా అడిగితే మాత్రం తెలీదంటుంది. బాలశౌరి గిరిజాకుమారి కంప్యూటర్లో ఆ పోస్ట్‌మాన్‌ని తీసేసి, బయట ప్రపంచం మొత్తానికీ చిరునామాలు చెప్పే సర్వరు నంబరు తన చేత్తో కొట్టాడు. వీడియో వచ్చింది. గిరిజాకుమారి తెరముందు కూచుని, పెళ్లికొడుకు తల్లి చీర బాలేదని గొణుక్కుంటూ కళ్లు తుడుచుకుంది.

అయ్యాక మళ్లీ మార్చేద్దామనుకున్నాడు. ఈలోగా గోడౌనులో స్కానర్లు పడుకున్నాయని ఫోను. అటు పరిగెత్తాడు. సోమవారం నుంచి కార్క్ బ్రాంచిలో పని. అటునుంచటే ఇంటికి, ఇంటినుంచి కార్క్‌కి వెళ్లిపోయాడు. నంబరు అక్కడే ఉండిపోయింది.

బయటి సర్వరుకి లోకమంతా తెలుసుగానీ ఆ ఆఫీసు లోపల ఎవరున్నారో తెలీదు. ఢిల్లీ పోస్టాఫీసులో నిలబడి, మా వీధిలో పాలమ్మే ఆవిడ ఇల్లెక్కడండీ అని అడిగినట్టు. గిరిజాకుమారి కంప్యూటరు తెరుచుకుంటుంది, ఇంటర్నెట్టు వస్తుంది. ఆఫీసు ప్రింటరు మాత్రం లేదు, ఫైళ్లు లేవు. కార్క్‌లో ఉన్న బాలశౌరికి ఆవిడ మెసేజీ పెట్టింది: 'ప్రింటరు రావట్లేదు బాబూ.' పనిలో ఉండి అతను 'రీస్టార్ట్ చేయండి ఆంటీ' అన్నాడు. ఆ వృత్తిలో ఆ మాట అమృతాంజనం లాంటిది, నొప్పేదో అడక్కుండానే రాసెయ్యొచ్చు. ఆవిడ మళ్లీ అడిగింది, అతను మళ్లీ రాశాడు. మూడోసారి ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆవిడ అడగలేదు.

బదులుగా తన తెలివి ఉపయోగించింది. మెయిల్లో తెప్పించుకున్న డాకెట్లని ఇంటినుంచి తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, దాన్ని ప్రింటరుకే నేరుగా గుచ్చి ప్రింటు తీసుకుంది. ఒక్క డెలివరీ ఆగలేదు.

సరిగ్గా ఆ వారమే కంపెనీ పెన్‌డ్రైవ్‌లని నిషేధించింది. ఇలాంటి రూళ్లని ఒకచోట రాసిపెడితే ఆఫీసు కంప్యూటర్లన్నీ వెళ్లి వాటంతటవే తెచ్చుకుంటాయి. పాలసీ అంటారు. ఆ పాలసీని కార్క్ నుంచి పంపింది బాలశౌరే. అన్ని కంప్యూటర్లకీ అందిందా అని మేనేజరు నోలీన్ అడిగితే, చూడకుండానే అందిందన్నాడు. ఒక కంప్యూటరుకి అందలేదు. రూళ్లుండే మెషీను పేరు చెబితే బయటి సర్వరు ఎవరది అంది.

బాలశౌరి తిరిగొచ్చేసరికి ఆఫీసు గుసగుసలాడుతోంది. ప్రింటరుకి గుచ్చిన పెన్‌డ్రైవ్ నోలీన్ కంటబడింది. అందరి మెషీన్లలో పనిచెయ్యనిది ఈవిడ దాంట్లో ఎలా పనిచేసింది? ఏదో కెలికి పాలసీని తప్పించుకుందా? పేషెంట్ల పేర్లున్న డాకెట్లు కూడా అందులో ఉన్నాయాయె. మర్నాడే ప్రొబేషన్ మీటింగు. ఉంచాలా పంపాలా అన్నది అక్కడే తేలుతుంది.

గిరిజాకుమారి కంప్యూటరు ముందు కూచుని బాలశౌరి ఎర్ర అక్షరాలు చదివాడు. పేరు దొరకలేదు. పాలసీ అందలేదు. నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచాడు. తన చేత్తో కొట్టిన నంబరు తనవంకే చూస్తోంది.

దాన్ని తీసేసి పాత సర్వరు పెట్టాడు. క్షణంలో పాలసీ వచ్చింది, ఫైళ్లు వచ్చాయి, ఆ మూలనున్న ప్రింటరు వారం నుంచి దాచుకున్న కాయితాలన్నీ కక్కింది. నీ చెయ్యి పడితే చాలు బాబూ అని గిరిజాకుమారి మురిసిపోయింది. అప్పుడే నోలీన్ వచ్చి నిలబడింది. పడమటి ఐర్లండులో మేయో కౌంటీ మనిషి, గొంతు పెంచదు. ఏమయిందని అడిగింది. సెట్టింగు మారిందని బాలశౌరి చెప్పాడు.

"ఎవరు మార్చారు?"

బాలశౌరి నోరు తెరిచాడు. ఉద్యోగం పోతే దాంతోపాటే పోయే వర్క్ పర్మిట్టు గుర్తొచ్చింది. ఇంటి లీజు గుర్తొచ్చింది. 'అందరికీ అందింది' అన్న తన మాట గుర్తొచ్చింది.

"ఎవరైనా అయ్యుండొచ్చు," అన్నాడు.

గిరిజాకుమారి అతనివంక ఒకసారి చూసింది. నిశ్చితార్థం రోజున తన కుర్చీలో ఎవరు కూచున్నారో తెలుసుకోవడానికి కంప్యూటర్లు చదవక్కర్లేదు. తర్వాత నోలీన్ వైపు తిరిగి, నేనే ఏదో నొక్కి ఉంటానండీ అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. నోలీన్ ఇద్దర్నీ చూసి, సరే రేపు మాట్లాడదామని వెళ్లిపోయింది.

"ఎందుకలా చెప్పారాంటీ?" అన్నాడు బాలశౌరి.

"నీది పర్మిట్టు ఉద్యోగం, చిన్నపిల్లలు. నాదేముంది, టైంపాస్ ఉద్యోగం," అంది ఆవిడ. అంటూ మెళ్లో కార్డుని సరిచేసుకుంది. "ఇవాళ దద్దోజనం తెచ్చాను. చల్లారిపోదులే, తిను."

అతను తిన్నాడు. ఆ సంగతే అతన్ని తరవాత చాలాకాలం వేధించింది. తినకుండా ఉండగలిగేవాడే, కానీ తినకపోతే ఆవిడ బాధపడుతుందని తిన్నాడు. అల్లం ముక్క గొంతులో అడ్డం పడితే అది కూడా మింగాడు.

సాయంత్రం లీలారాణి వంటింటి అల్మారా, అక్కడివాళ్ల మాటలో ప్రెస్సు, తెరిచి, డబ్బాలో పెట్టడానికి అరిసెలు తీస్తోంది. ఇవాళ వద్దులే అన్నాడు బాలశౌరి. ఎందుకంది. ఉల్లిపాయ తరుగుతూ, కళ్లు అందుకే మండుతున్నాయన్నట్టు, అంతా చెప్పాడు.

"నువ్వే చేశావని ఆవిడకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

"తెలిసీ దద్దోజనం పెట్టిందా?"

"ఊఁ."

"నువ్వు తిన్నావా?"

బాలశౌరి తరిగిన ఉల్లిపాయనే మళ్లీ తరిగాడు. లీలారాణి అరిసెల్ని మళ్లీ ప్రెస్సులో పెట్టి తలుపేసింది. "ఈ డబ్బా నేను నింపను. ఏం పెట్టి పంపుతావో నువ్వే చూసుకో," అంది. తిట్టినా బావుండునని అతను ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లాడు.

పొద్దున నోలీన్ కోటు విప్పకముందే ఆమె గదిలో నిలబడ్డాడు. నిశ్చితార్థం, నంబరు, కార్క్, రీస్టార్టు, చూడకుండా అందిందనడం, అన్నీ చెప్పాడు. చివర్లో, గిరిజాకుమారి ఏమీ నొక్కలేదని, తనని కాపాడటానికి అలా అందని చెప్పాడు. పర్మిట్టు సంగతి ఎత్తలేదు. ఎత్తితే జాలి అడిగినట్టవుతుంది.

నోలీన్ కెటిల్ ఆన్ చేసింది.

"నిన్న సాయంత్రం ఆమెని పిలిచి, ఏం నొక్కావో చూపించమన్నాను," అంది. "సౌండు పెంచే బటను చూపించింది," అని నవ్వింది.

తర్వాత నవ్వు ఆపేసి అసలు సంగతి చెప్పింది. సెట్టింగు మార్చినందుకు తనకి అంత కోపం లేదు. 'ఎవరైనా అయ్యుండొచ్చు' అన్నందుకు ఉంది. ఆ మాట ఆమె ఫైల్లోకి ఎక్కి ఉంటే ఇవాళ ఆమెని పంపేసేది తనే. బాలశౌరి పేరు మీద ఒక హెచ్చరిక రాస్తానంది. ఆఫీసులో ప్రతి కంప్యూటరు దగ్గరికీ స్వయంగా వెళ్లి, ఇలాంటి ఉపకారాలు ఇంకా ఎక్కడెక్కడ చేశాడో వెతికి తీసెయ్యమంది. సరేనా అంటే, గ్రాండ్ అన్నాడు. ఆ దేశంలో ఏ పరిస్థితికైనా సరిపోయే మాట అదొక్కటే అతనికి వచ్చు.

ఉపకారాలు బయటపడ్డాయి. గోడౌను మేస్త్రీకి ఐరిష్ వాళ్ల కర్రాట హర్లింగ్ మ్యాచీల కోసం, రిసెప్షన్ పిల్లకి పాటల కోసం. వాళ్లకి మాత్రం ఆ నంబరుని ఆఫీసు సర్వరు తర్వాత రెండోదిగా పెట్టాడు కనక ఏమీ చెడలేదు. ఒక్క గిరిజాకుమారికే తొందరలో అదొక్కటే పెట్టాడు. ఎక్కువ తిండి పెట్టినావిడకే ఎక్కువ చెడుపు జరిగింది. ఉపకారం వెనక్కి తీసుకుంటుంటే వాళ్లంతా అతన్ని చేతిలో ఐస్‌క్రీము లాక్కున్నవాణ్ని చూసినట్టు చూశారు.

గిరిజాకుమారి ప్రొబేషన్ పాసయింది. పెన్‌డ్రైవ్ గురించి మెత్తగా ఒక మాట, డెలివరీ ఒక్కటీ ఆపనందుకు గట్టిగా ఒక మెచ్చుకోలు. కానీ అతని బల్ల మీదికి ఏ డబ్బా రాలేదు. ఎలా వస్తుంది, డబ్బా అతని దగ్గరే ఉంది. ఎదురుపడితే బావున్నావా బాబూ అని ఎప్పటిలాగే అడుగుతుంది. ఆ ఎప్పటిలాగే అన్నది అతను భరించలేకపోయాడు.

చివరికి ఒకరోజు పెందలాడే లేచి, లీలారాణి గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తుండగా, తనే పులిహోర కలిపాడు. చింతపండు ఎక్కువైంది, పోపు మాడింది. డబ్బాలో సర్ది మధ్యాహ్నం గిరిజాకుమారి బల్ల మీద పెట్టి పక్కనే నిలబడ్డాడు.

ఆవిడ మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలింది.

"నువ్వే చేశావా?"

"నేనే ఆంటీ."

"ఉప్పు మర్చిపోయావు," అంది. ఇంకో ముద్ద తీసుకుంది. "అయినా ఆ రోజు నోలీన్ ముందు నువ్వు నిలబడ్డ దానికంటే ఇదే నయం. ఇంటికెళ్లి చాలా ఏడ్చాను శౌరీ. ఉద్యోగం పోతుందని కాదు."

ఆవిడ అతన్ని పేరు పెట్టి తిట్టడం అదే మొదటిసారి. బాలశౌరి అలాగే నిలబడి, తప్పయింది ఆంటీ అన్నాడు. ఆ మాట తెలుగులో అనడం అతనికి ఇప్పటిదాకా కుదరలేదు.

ఆవిడ పులిహోర మొత్తం తింది. డబ్బా కడిగి తెస్తానని అతను చెయ్యి చాపితే మూతేసి తన సంచిలో పెట్టుకుంది.

"ఉత్త డబ్బా పంపుతారా ఎవరైనా?" అంది. "వెళ్లు, ఆ ప్రింటరులో కాయితం ఇరుక్కుంది. రీస్టార్టు చెయ్యమనకు."