మూడో చరణంలో రెండో గొంతు

పోయిన వారం ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో ఫోను పెట్టుకుని ఏదో పాట సరిచేసుకుంటోంది. తెర మీద ఒకదాని కింద ఒకటి రంగురంగుల పట్టీలు. ఒకదాంట్లో గొంతు, ఇంకోదాంట్లో గిటారు, మిగతావి ఏమిటో నాకు అర్థం కాలేదు. వయసు మీద పడ్డాక వచ్చే చనువుతో తొంగి చూస్తూనే ఉన్నాను. హబ్సిగూడ దగ్గర ఆమె వేలు జారింది. ఒక పట్టీ మొత్తం మాయమైపోయింది. నేను అయ్యో అన్నాను. ఆ అమ్మాయి మాత్రం కంగారు పడలేదు. మూలన ఉన్న చిన్న బాణం గుర్తును తాకింది, పోయిన పట్టీ వచ్చి తన చోట కూర్చుంది. తార్నాకలో దిగి వెళ్లిపోయింది. నేను సికింద్రాబాద్ దాకా అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూనే ఉన్నాను. అలా వేలు జారినవాళ్లలో నేనూ ఒకణ్ణి. మా రోజుల్లో ఆ బాణం గుర్తు లేదు, అంతే తేడా.

తొంభైల మొదట్లో మేము నాచారంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నేను ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో టెస్టింగ్ సెక్షన్‌లో పని చేసేవాణ్ణి. పగలంతా మీటర్ల ముళ్లు చూసి వచ్చినవాడు ఇంటికొచ్చాకైనా కాస్త కుదురుగా కూర్చోవాలి కదా. నేను మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకునేవాణ్ణి. మా బస్తీలో మూగబోయిన ప్రతి టేప్ రికార్డరూ ఏదో ఒక రోజు మా భోజనాల బల్ల మీద పడుకుని వెళ్లిందే. మా ఆవిడ ఆ బల్ల మీద అన్నం వడ్డించడం ఎప్పుడో మానేసింది. చాప మీదే మా భోజనాలు. ఆ బల్లను అందరికంటే ఎక్కువ కాలం ఆక్రమించుకున్నది మాత్రం ఫోర్‌ట్రాక్ మిషను. మా చర్చికి వచ్చిన ఒక విదేశీ సంగీత బృందం వదిలేసి వెళితే, పాస్టరు గారి మంచం కింద ఏళ్ల తరబడి దుమ్ము తిని, చివరికి నా దగ్గరికి చేరింది. చూడ్డానికి పెద్ద ఆల్బమంత ఉంటుంది. వేసేది మామూలు క్యాసెట్టే, కానీ ఆ సన్నటి టేపు మీద నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేస్తుంది. మొదటి ట్రాకులో ఒక గొంతు పట్టి, దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ రెండో దాంట్లో ఇంకో గొంతు పట్టొచ్చు. ఒక్క మనిషే నలుగురై పాడొచ్చన్నమాట. అయితే ఆ క్యాసెట్టును తీసుకెళ్లి మామూలు టేప్ రికార్డర్‌లో వేస్తే రెండు గొంతులు జ్వరమొచ్చినట్టు మూలుగుతాయి, తిప్పి వేస్తే మిగతా రెండూ వెనక నుంచి ముందుకు వాగుతాయి. నాలుగింటినీ ఆ మిషను మీదే కలిపి ఇంకో క్యాసెట్టులోకి దింపుకోవాలి. నా దగ్గరికి వచ్చేటప్పటికి లోపలి రబ్బరు బెల్టు కరిగి, తారులాగా చక్రాలకు అతుక్కుపోయి ఉంది. ఎనిమిది నెలలు తీరిగ్గా గీకుతూ కూర్చున్నాను. తొందరేముంది?

తొందర మా వదిన రూపంలో వచ్చింది. వదిన అంటే మా ఆవిడకు అక్క, వయసులో తొమ్మిదేళ్లు పెద్ద. ఉప్పల్‌లో ఉండేది, అక్కడే బడిలో టీచరు. ఆదివారాలు మా చర్చి గాయక బృందానికి ఆమే అధికారి. ఆమె చెయ్యెత్తితే ఎనభై ఏళ్ల పెద్దలు కూడా ఊపిరి బిగబట్టేవారు. శ్రుతి తప్పినవాళ్లను కళ్లతోనే బెంచీ చివరికి జరిపేసేది. మా ఆవిడ పంతొమ్మిదేళ్ల వయసులో ఆ బృందంలోనే ఉండేదట. ఒక రిహార్సల్లో అందరి ముందు అక్క అడిగిన మాట ఒకటుంది: "నువ్వు పాడుతున్నవా, పిలుస్తున్నవా?" మా ఆవిడ పుస్తకం మూసి బెంచీ మీద పెట్టి వచ్చేసింది. అంతే, పన్నెండేళ్లపాటు చర్చిలో పెదవి కదపలేదు. అక్కాచెల్లెళ్లు మామిడికాయ తొక్కు దగ్గర్నుంచి చుట్టాల పెళ్లిళ్ల దాకా అన్నీ మాట్లాడుకునేవారు, ఆ మాట తప్ప.

ఆ ఏడు వేసవిలో వదిన గొంతు కింద గడ్డ బాగా పెరిగింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందేది కాదు; మూడు దిండ్లు వేసుకుని కూర్చున్నట్టే పడుకునేది. థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ తప్పదన్నారు. మాటకు సంబంధించిన నరం ఆ గడ్డను ఆనుకునే ఉందని, మాట మిగిలినా పాట సంగతి తాను చెప్పలేనని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. మర్నాడు వదిన మా ఇంటికి వచ్చి, బల్ల ముందు నిలబడి, విప్పి పడేసిన మిషను వైపు చాలాసేపు చూసింది.

"మరిదీ, నీ డబ్బ ఎన్నడు పలుకుతది?"

"ఎందుకు వదినా?"

"పై సోమారం దవాఖానాల జేరమన్నరు. అమ్మ పాట నాలుగు గొంతులల్ల నాకొక్కదానికే వచ్చు. పట్టి పెట్టుకుందమని."

అమ్మ పాట అంటే మా అత్తగారు నాట్లు వేస్తూ కట్టుకున్న భక్తి పాట, నాలుగు చరణాలు. అత్తగారికి అక్షరం రాదు. వదిన బోర్డింగు స్కూల్లో సంగీతం నేర్చుకుని వచ్చాక దానికి నాలుగు గొంతుల వరస కట్టింది, అవే మాటలను నాలుగు రకాల స్వరాల్లో ఒకేసారి పాడేలా. కాగితం మీద పెట్టలేదు. బృందానికి నేర్పాలని చూసింది కానీ రెండో గొంతు దగ్గరే అందరూ తడబడేవారు. ఆ పాట ఉన్నదల్లా ఆమె గొంతులోనే.

పన్నెండు రోజులు మిగిలాయి. ఎనిమిది నెలలు తీరిగ్గా చేసిన పనికి ఇప్పుడు రాత్రిళ్లు కూడా కూర్చున్నాను. పాత బెల్టు కొలత తెలియదు, కరిగిపోయింది కదా; చక్రాల చుట్టూ దారం చుట్టి కొలిచి, ఆ దారం జేబులో పెట్టుకుని కోఠి గల్లీలన్నీ తిరిగాను. ఒకటి బిగుతు, ఒకటి వదులు. మూడో రోజు దొరికిన బెల్టుతో మిషను తిరిగింది కానీ, స్వరం ఈదుకుంటూ వచ్చినట్టు వినిపించింది. టేపును నొక్కి పట్టే రబ్బరు రోలరు గట్టిపడిపోయింది. దాన్ని సన్నటి గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ బిగించాను. శుక్రవారం సాయంత్రం హార్మోనియం మీద ఒకే స్వరం పట్టి రికార్డు చేసి విన్నాను. కదలకుండా నిలబడింది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆగిందా ఊగుడు?" అని మాత్రం అడిగింది.

శనివారం పొద్దున కిటికీలకు బొంతలు కట్టాం. ఫ్యాన్ ఆపేశాం. ఏప్రిల్ ఎండకు ఆ గది ఇటుక బట్టీలా ఉంది. వదిన తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని మొదటి గొంతు పాడింది, తర్వాత రెండోది, సాయంత్రానికి మూడోది. మొదటి దాంట్లో పక్కింటి కుక్కర్ కూత ఒకటి పడింది. "ఉండనియ్యి, గది గూడ స్తుతి జేసింది" అంది. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి ఈల వేసినట్టు వినిపించేది. నేను మిషను మీటర్ల ముళ్లనే చూస్తూ ఉండేవాణ్ణి, ఆమె ముఖం చూసే ధైర్యం లేక.

ఆదివారం ఆరాధన అయ్యాక నాలుగో గొంతు మిగిలింది. అది మగవాళ్లది, ఒక స్థాయి పైకి లేపి పాడుకుంది. మూడో చరణంలో ఊపిరి చాలక తడబడింది, అయినా నాలుగో చరణం దాకా పాడి ముగించింది. ఆ మూడో చరణం ఒక్కటే మళ్లీ పాడతానంది. హెడ్‌ఫోన్లో మొదటి గొంతు ఒక్కటే వినిపించమంది, అన్నీ వస్తే గజిబిజిగా ఉంటుందని. వెనక్కి తిప్పాను. అంతకు ముందు రెండో ట్రాకులో కొంచెం బుస వినిపిస్తే, దాని రికార్డు స్విచ్ వేసి తీసి చూశాను. తీశానని అనుకున్నాను. వదిన ఈసారి బాగా పాడింది. చరణం చివర ఆపేసి చూస్తే, మిషను మీద ఎర్ర దీపాలు రెండు వెలుగుతున్నాయి. ఒకటే వెలగాలి.

వదిన లోపలి గదిలో దిండ్లకు ఆనుకుంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మూడో చరణంలో రెండో గొంతు లేదు. శనివారం మధ్యాహ్నం ఆ ఉక్కలో ఆమె పాడిన ఆ చరణమంతా మొదటి అక్షరం నుంచి చివరి దాకా తుడిచిపెట్టుకుపోయింది. ఉన్న మాట చెప్తాను. దాచేద్దామనుకున్నాను. నాలుగు గొంతుల్లో ఒకటి ఒక్క చరణంలో లేకపోతే ఈ లోకంలో ఎవరు పోల్చగలరు? ఆమె తప్ప. ఆమె రేపు దవాఖానాకు వెళ్తోంది. నేను అక్కడే అలా కూర్చుని ఉంటే మా ఆవిడ నా ముఖం చూసి, ఏమీ అడక్కుండా హెడ్‌ఫోన్ తీసుకుని పెట్టుకుంది. చరణం సగానికి రాకముందే తీసేసింది.

"రెండో గొంతు ఏది?"

నేను స్విచ్ చూపించాను. ఆమె గొంతు తగ్గించి, పళ్ల మధ్య నుంచి అంది: "అక్కకు చెప్పకు. ఇంకోసారి పాడితే పానం మీదికి వస్తది."

"చెప్పకుంటే ఎట్ల?"

"ఏం జెప్పేది ఉన్నది?" అంటూ వదినే గుమ్మంలో నిలబడింది.

చెప్పాను. స్విచ్ తీశానని అనుకున్నానని, తీయలేదని, తప్పు నాదేనని. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి, హెడ్‌ఫోన్ పెట్టుకుని మిషను తిప్పమని సైగ చేసింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది; వదిన చూపుకి వదిలేసింది. రికార్డు నొక్కకుండా ముందు ఒకసారి వట్టిగా పాడి చూద్దామన్నాను. రెండో పంక్తిలో ఆమె ఊపిరి ఇరుక్కుపోయింది. లోపల ఏదో తలుపు మూసుకున్నట్టు చప్పుడొచ్చింది, పెదవులు నీలంగా మారాయి. మా ఆవిడ పరుగున వచ్చి తువ్వాలు లాగేసి, వీపు నిమురుతూ ముందుకు వంచి పట్టుకుంది. ఊపిరి మళ్లీ దారిలో పడేదాకా ఆ గదిలో ఎంతసేపు గడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. మిషను మాత్రం తిరుగుతూనే ఉంది.

కాసేపటికి వదిన తన హెడ్‌ఫోన్ తీసి చెల్లెలి తలకు పెట్టింది.

"నువ్వు పాడు."

"నాకు రాదు."

"వస్తది. అంట్లు తోముకుంట రెండో గొంతే పాడుతవు. నేను ఇంటలేననుకున్నవా?"

మా ఆవిడ, "నేను పిలుస్తగని, పాడ" అంది.

పన్నెండేళ్ల నాటి మాట ఆ గది మధ్యలో వచ్చి పడింది. నేను బయటికి వెళ్లిపోదామా అనుకున్నాను. వదిన నేల వైపు చూసి, అరిగిపోయిన గొంతుతో అంది: "గా దినం నువ్వు తప్పలే. తప్పింది నీ పక్కపొంటి ఉన్న ఆమె. నాకు ఆడనే తెలిసింది. అందరి ముందల ఒప్పుకోబుద్ధి కాలే. ఇన్నేండ్లు గట్లనే ఉన్న."

మా ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. హెడ్‌ఫోన్ సరిచేసుకుని నా వైపు తిరిగి, "స్విచ్చులు సూడు" అంది.

చూశాను. మూడుసార్లు చూశాను. రెండో చరణం అయిపోయాక తీసుకునే ఊపిరిలో నొక్కాలి, మూడోది అయిపోయాక వచ్చే ఊపిరిలో ఆపాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే నాలుగో చరణం కూడా పోతుంది. రెండో చరణం ముగిసింది. నొక్కాను. ఒక్క ఎర్ర దీపమే వెలిగింది. మా ఆవిడ కళ్లు మూసుకుని పాడింది. వదిన ఎదురుగా కూర్చుని, చర్చిలో ఎత్తినట్టే చెయ్యెత్తి, శబ్దం లేకుండా తాళం చూపిస్తోంది. ఆ ముఖంలోకి చూస్తూ ఉండిపోయి, చివర్లో నా వేలు రవ్వంత ఆలస్యమైంది. నాలుగో చరణం రెండో గొంతులో మొదటి అక్షరం సగం తెగింది. విని వదిన, "గది నీ గురుతు మరిదీ, ఉండనియ్యి" అంది. ఆ సాయంత్రమే నాలుగూ కలిపి మామూలు క్యాసెట్టులోకి దింపాను.

ఆపరేషన్ అయింది. గడ్డలో భయపడాల్సింది ఏమీ లేదన్నారు. నాలుగు నెలలు వదిన గుసగుసగానే మాట్లాడింది. బడిలో పిల్లలను అదుపులో పెట్టడానికి బల్ల మీద స్కేలు కొట్టేదట. తర్వాత మాట వచ్చింది, కాస్త బొంగురుగా. పాట రాలేదు. బృందాన్ని మాత్రం వదల్లేదు, చెయ్యెత్తి నడిపిస్తూనే ఉండేది. ఆమె దవాఖానాలో ఉండగానే పాస్టరు గారికి చీటీ రాసి పంపిందట, రెండో గొంతుల వరసలో మా ఆవిడకు చోటు ఇవ్వమని. మా ఆవిడ ఆ పాట రెండో గొంతును ఏడాదిపాటు నేర్పి నేర్పి, చివరికి బృందం చేత పాడించింది. ఆ రోజు వదిన ముందు బెంచీలో కూర్చుని, ఎవరినీ బెంచీ చివరికి జరపలేదు.

వదిన పోయి ఆరేళ్లు. పాటను మా అల్లుడు ఫోన్లోకి ఎక్కించి ఇచ్చాడు, అప్పుడప్పుడు వింటాం. రెండో గొంతు ఎక్కడ చేతులు మారిందో నాకు తెలుసు కాబట్టి వినిపిస్తుంది, తెలియనివాళ్లకు వినిపించదు. మొన్న వింటూ మా ఆవిడ ఉన్నట్టుండి, "అక్క గొంతు ఎంత లేతగున్నదో సూడు" అంది. ఆ టేపు మీద అక్కకు నలభై, చెల్లెలికి ముప్ఫై ఒకటి. ఇప్పుడు ఆ అక్క కంటే మా ఆవిడే ఇరవై ఏళ్లకు పైగా పెద్దది. ఎవరినీ అడక్కుండా కాలం చెల్లెలిని అక్కను చేసేసింది.