కిటికీకి అంటించిన ప్రశాంతత

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయిని కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఇందులో వింతేముందని అడిగేవాళ్ళు ఆ అమ్మాయిని చూసి ఉండరు. మూడేళ్ళలో ఆ పిల్ల నోట నేను విన్న మాటలన్నీ కలిపి అగ్గిపెట్టె వెనక రాయొచ్చు, ఇంకా చోటు మిగులుతుంది. హాజరు పిలిచినప్పుడు పెదవులు కదిలాయా లేదా చూసి టిక్కు పెట్టేవాణ్ణి. అలాంటి పిల్ల రెండో పీరియడ్‌లో, నా ఛందస్సు పాఠం మధ్యలో, నాకెదురుగా నిలబడిపోయింది.

ఆ పిల్ల తండ్రి తెల్లవారుజామున వేటకు వెళ్ళాడు. ఊరి బోట్లన్నీ తిరిగొచ్చాయి, అతనిది రాలేదు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు, నాకు తప్ప. సముద్రం కనిపించే రెండు కిటికీలకూ కాగితాలంటించి మూసేసిన మహానుభావుణ్ణి మాత్రం నేనే.

ఎందుకు మూశానో చెప్పుకోవాలి. మా బడి గాజువాక దాటి, స్టీల్ ప్లాంటు గోడ వెంట పోయి పోయి, ఆ గోడకే విసుగొచ్చి ఆగిపోయిన చోటినుంచి ఇంకాస్త ముందుకెళ్తే వస్తుంది. నేను కూర్మన్నపాలెం నుంచి షేర్ ఆటోలో వెళతాను. ఆరుగురు పట్టే ఆ ఆటోలో మేం పదహారుమందిమి, నాలుగు ఖాళీ చేపల గంపలు, ఒక సైకిలు. డ్రైవరు దాదాపు బయట గాల్లో కూర్చుని నడుపుతాడు. దిబ్బ మీద బడి, దిబ్బ కింద ఊరు, ఊరి కింద సముద్రం. సముద్రానికీ నాకూ పెద్దగా మాటల్లేవు. మాది గోదావరి వైపు. మా నాన్న ప్లాంటులో ఉద్యోగం దొరికి ఇక్కడికి వచ్చాడు. మా వంశంలో నీళ్ళంటే పంటకాలవ. అందులో మునిగినవాడికి కూడా మోకాళ్ళు పైకే కనబడుతుంటాయి.

బడిలో నాకు రెండు పదవులు. ఒకటి తెలుగు మాస్టారుగిరీ. రెండోది వార్తల సంపాదకత్వం. ప్రతి శనివారం పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ‘బడి కబుర్లు’ పెడతాను. వంటగదిలో పొయ్యి మారిస్తే "పాకశాలలో నూతన శకం" అని రాశాను. జామమొక్క రెండాకులు వేస్తే ప్రాంగణం పచ్చటి అరణ్యంగా మారుతోందని రాశాను. ఊళ్ళోవాళ్ళు బొటనవేలి బొమ్మలు, దండం బొమ్మలు పంపేవారు. ఈ తీరం మీద నాకు తెలియకుండా నత్త కూడా కదలదని నాకొక గట్టి నమ్మకం.

ఇదిలా ఉండగా, విద్యార్థుల మానసిక శ్రేయస్సు గురించి ఒకరోజు శిక్షణ ఉందంటే పెందుర్తి వెళ్ళాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఊపిరి పీల్చమన్నారు, వదలమన్నారు. నేను అంత శ్రద్ధగా పీల్చానంటే పక్క కుర్చీల్లోవాళ్ళకి గాలి చాలలేదు. వచ్చేటప్పుడు చంకలో పట్టనన్ని రంగుల పోస్టర్లు ఇచ్చారు. ‘ప్రశాంతంగా ఉండండి’, ‘మనసులోని మాట పంచుకోండి’, ‘దృష్టి చెదరనివ్వకండి’. ఒక్కొక్కటి దుప్పటంత.

తెచ్చాను సరే, అంటించేదెక్కడ? ఉప్పుగాలికి మా గోడలు ఏడాది పొడుగునా సున్నం రాలుస్తాయి. పోస్టరు అంటిస్తే పోస్టరుతో పాటు గోడ కూడా ఊడొస్తుంది. మిగిలింది మేడ మీద తొమ్మిదో తరగతి కిటికీల అద్దాలు. బందులు తుప్పుపట్టి ఆ రెక్కలు తెరుచుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. పైగా ఆ పిల్లలు పాఠం వినకుండా ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. కిటికీ పక్క బెంచీలో ఎవరో ఒకరు చూస్తుండటం, మధ్యమధ్య స్కేలుతో బల్ల మీద టక్కుమని కొట్టడం. ఆ టక్కుని నేను మొదట్లో నా పద్యాలకి వేస్తున్న తాళం అనుకుని మురిసిపోయాను. ఆ విషయం ‘బడి కబుర్లు’లో కూడా రాశాను.

మధ్యాహ్న భోజనం వండే ఆవిడ మైదా జిగురు ఉడికించి ఇచ్చింది. ఆ జిగురు సంగతి ప్లాంటువాళ్ళకి తెలిస్తే వెల్డింగు మానేసి దాన్నే వాడేవారు. రెండు కిటికీలూ అంచు నుంచి అంచు దాకా ప్రశాంతమైపోయాయి. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను.

మర్నాటి నుంచి పిల్లలకి దాహం పట్టుకుంది. ఒకడు వెళ్ళి రాగానే ఇంకొకతె. కుళాయిలు బడి వెనక, సముద్రం వైపున ఉన్నాయి. క్లాసు క్లాసంతా ఒంటెల మందలా ఆ కుళాయిల కేసి నడిచేది. నీళ్ళు తాగడం వల్ల కలిగే లాభాల మీద నేను ఆ మధ్యే చెప్పాను కాబట్టి, "ఆరోగ్య స్పృహలో మన విద్యార్థుల ముందంజ" అని ఆ శనివారం రాసేశాను. అయినా పాఠం సాగడంలేదని పీరియడ్‌కి ఒక్కరే వెళ్ళాలని నియమం కూడా పెట్టాను.

ఆ రోజు ఆ ఒక్క అవకాశం వేరే పిల్ల వాడేసుకుంది.

"బయటికెల్లొస్తాను సార్," అంది ఆ అమ్మాయి. నాకు స్పష్టంగా వినబడింది. అదే మొదటి ప్రమాద సూచన.

"ఇంటర్వెల్లో వెళ్దువుగాని. కూర్చో."

కూర్చోలేదు. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. మూసిన కిటికీకేసి చూస్తూ నిలబడింది. నలభైమందీ పుస్తకాల్లో తలలు దూర్చారు గానీ ఒక్క పేజీ తిరగలేదు.

అప్పుడే వరండాలోంచి డ్రిల్లు మాస్టారు తల పెట్టాడు. ఆయనది పక్క ఊరు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు గానీ, ఇక్కడ మగాళ్ళంతా ఒకరికొకరు బావలే.

"ఏటి బావా, పిల్లని నిలబెట్టేసేవు?"

"నేను నిలబెట్టలేదు. కూర్చోమంటున్నాను."

"దాని నాన్న బోటు రానేదు. నీకు తెల్దేటి?"

"నాకెవరు చెప్పారు?"

"ఊరందరికీ తెలుసు. మరి వార్తలు రాత్తావు గదా నువ్వు."

అది నా సంపాదకత్వం మీద పడిన పిడుగు. దాని కింద నేను నలుగుతుండగానే క్లాసు లీడరు లేచింది. ఆ పిల్లకి మాటల కరువు లేదు.

"ముందయితే కిటికీలోంచి సూసేవోల్లం సార్. ఒక్కో వారం ఒక్కొక్కలం కాపలా. ఒక బోటు వత్తే స్కేలుతో ఒక దెబ్బ. ఎవుల్ది వచ్చిందో సేతి యేల్లతో సూపిత్తాం. మీరు బొమ్మలంటించేసేరు గదా, అందికే కుళాయి కాడకి ఎల్తన్నాం."

"కుళాయి దగ్గరికి వెళ్తే కనిపిస్తుందా?"

"ఒడ్డుకొచ్చినవి అవుపడతాయి. దూరంగా ఉన్నవి అవుపడవు. ఈ గదిలోంచే అవుపడతాయి."

నా తాళం అలా పోయింది. ఇన్నేళ్ళుగా నా కళ్ళముందే, నా పాఠం మధ్యలోంచే, ఒక వార్తా సంస్థ నడుస్తోంది. దానికి విలేకరులున్నారు, వంతులున్నాయి, సంకేతాలున్నాయి. అందులో అచ్చుతప్పు వస్తే ఒక ఇల్లు తలకిందులవుతుంది. మా ఇంట్లోనూ చిన్నప్పుడు ప్లాంటు షిఫ్టు బస్సు రావడం ఆలస్యమైతే అమ్మ కుక్కరు దించకుండా వీధిలోకి చూస్తూ నిలబడేది. నేను పక్కనే నిలబడేవాణ్ణి. ఆ నిలబడటం ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణే, ఎలా మర్చిపోయానో తెలియదు.

"ఈ పూటకి ఇంటి దగ్గర ఉండకపోయావా అమ్మా?" అన్నాను నిలబడి ఉన్న పిల్లతో.

"అమ్మే ఎల్లమంది సార్," అంది ఆ పిల్ల. "నాన్న ఫోను తగలట్లేదు. ఇంట్లో కూకుని ఏటి సేత్తావు, బడిలో మేడ మీంచి అయితే ముందే అవుపడతాది, ఎల్లి సూడు అంది."

కిటికీ మూసేశారని ఇంట్లో చెప్పలేదట. చెబితే అమ్మ కంగారు పడుతుందని.

నేను వెళ్ళి ‘ప్రశాంతంగా ఉండండి’ని గోళ్ళతో గీకడం మొదలుపెట్టాను. మైదా జిగురు మాహాత్మ్యం అప్పుడు తెలిసింది. నా పది గోళ్ళూ అరిగాయి గానీ ఒక అక్షరం కూడా కదల్లేదు. డ్రిల్లు మాస్టారు సీసాలో నీళ్ళు చల్లాడు. పిల్లలు స్కేళ్ళు, కంపాసు ముళ్ళు, ఒకమ్మాయి జడపిన్ను పట్టుకుని మీద పడ్డారు. చివరికి అప్పడమంత అద్దం బయటపడింది. అందరం పక్కకి జరిగాం. ఆ పిల్ల వచ్చి కన్ను ఆనించింది.

నేను కూడా ఆ పిల్ల తల మీదుగా చూశాను. నాకు కనిపించింది నీళ్ళు. వాటి వెనక నీళ్ళు. ఆ నీళ్ళకి అవతల, పోర్టులో చోటు కోసం కాచుకుని ఉన్న ఓడలు నాలుగైదు, ఒక్కొక్కటీ మా కాలనీ అంత. అంతే. మనిషి చేసిన చిన్న వస్తువేదీ ఆ వెలుతురులో మిగలదనిపించింది.

ఎంతసేపో. తర్వాత ఆ పిల్ల అంది, "అదిగో."

"ఏదమ్మా?"

"ఎర్ర ఓడ ఉంది గదా సార్. దాని తోక కాడ."

ఎర్ర ఓడ తోక దగ్గర నాకు ఎర్ర ఓడ తోకే కనిపించింది. కళ్ళద్దాలు తుడిచి చూశాను. ఎర్ర తోక ఇంకా ఎర్రగా కనిపించింది.

"రెండు వత్తన్నాయి," అంది. "ముందుది పక్కూరోల్లది. ఎనకది మాది."

"నీకెలా తెలుసు?"

"మా నాన్న ఎవులెనకాలా అలా రాడు సార్. రెండూ ఒక్క తీరునే వత్తన్నాయి. తాడు కట్టి లాక్కొత్తన్నారు. ఇంజిను పాడయిపోనాది."

లీడరు స్కేలు ఎత్తింది. ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే, "ఇప్పుడే కొట్టకు. కెరటం దాటనేదు," అంది. స్కేలు గాలిలో ఆగిపోయింది.

ఒడ్డు దగ్గర విరిగే కెరటాల వరస దాటడమే అసలు గండమట. ఇంజిన్ లేని బోటు అక్కడ అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది. లాక్కొచ్చే బోటు అక్కడ తాడు విప్పేయాలి, ఒడ్డునుంచి మనుషులు వేరే తాడుతో లాగాలి. "ఒడ్డునోల్లకి ఇంకా అవుపడదు సార్. సెప్పాల," అంది. అనుమతి అడుగుతోందేమో అనుకుని నేను తల ఊపేలోపే మెట్లు దిగిపోయింది.

వెనక డ్రిల్లు మాస్టారు, ఆయన వెనక చెప్పులు చేత్తో పట్టుకుని నేను. హెడ్మాస్టరు మేడం వరండాలో ఎదురై, "ఎక్కడికండీ?" అన్నారు.

"వార్త చెప్పడానికి మేడం."

"మెసేజ్ పెట్టండి చాలు," అన్నారావిడ. ఆగే తీరిక లేదు.

ఒడ్డున ఆ పిల్ల చెప్పింది ఒక్క ముక్క. వలలు బాగుచేసుకుంటున్న పాతికమంది లేచారు. నీకెలా తెలుసు, ఎవరు చూశారు, నిజమేనా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేను ‘బడి కబుర్లు’లో వారం వారం రాస్తూ అంత నమ్మకం ఏనాడూ సంపాదించలేదు. తాడు వచ్చింది. ఇద్దరు దాని కొస నడుముకి కట్టుకుని నీళ్ళలోకి వెళ్ళి నిలబడ్డారు. అప్పటికి గానీ నాకు రెండు చుక్కలు కనబడలేదు.

చుక్కలు బోట్లయ్యాయి. బోట్లలో మనుషులు మొలిచారు. తాడు విప్పేశాక వెనక బోటు ఒక్కసారి పక్కకి ఒరిగింది. ఆ కెరటం తాటిచెట్టంత ఉందని నేను ఇప్పటికీ చెబుతాను, నడుమంతే ఉందని డ్రిల్లు మాస్టారు చెబుతాడు. నీళ్ళలో ఉన్నవాళ్ళు ఈది తాడు అందించారు. ఒడ్డున అందరం లాగాం. నేను చెయ్యి వేశాకే బోటు కదిలింది. నేనసలు తాడు మీద పడ్డానని కూడా ఒక వాదం ఉంది. ఆ పిల్ల మాత్రం యూనిఫాం మోకాళ్ళ దాకా తడిసి, అందరికన్నా ముందు నిలబడి, కెరటం లేచినప్పుడు ఆగమనీ, విరిగినప్పుడు లాగమనీ చేత్తో చెబుతోంది. పాతికమంది మగాళ్ళు ఆ చెయ్యి చెప్పినట్టు లాగారు.

బోటు ఇసక తగిలింది. అందులోని నలుగురూ దిగారు. తల్లి ఎప్పుడు వచ్చిందో, కూతురి జడ గట్టిగా పట్టుకుని నిలబడింది. తండ్రి ముఖం ఉప్పుతో తెల్లబారింది. అందర్నీ దాటి కూతురి దగ్గరికి వచ్చాడు.

"బడి నేదేటి నీకు?"

"ఉంది."

"మరి ఇక్కడేటి సేత్తన్నావు?"

ఆ పిల్ల నాకేసి చూసింది. అతను కూడా చూశాడు, పిల్లల చదువు పాడుచేసేవాణ్ణి చూసినట్టు. "ఎల్లు," అన్నాడు కూతురితో. అంటూనే ఆ పిల్ల తల మీద అరచెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

దిబ్బ ఎక్కుతుంటే ఉండబట్టలేక అడిగాను. "అంత దూరం నుంచి మీ బోటని ఎలా గుర్తుపట్టావే తల్లీ?"

ఏం పిచ్చి ప్రశ్న అన్నట్టు ఆగింది. "పేపరు మీద పేరు రాయకపోయినా అది ఎవులిదో మీరు సెప్పేత్తారు గదా సార్. రాత సూసి."

మూడేళ్ళ మాటలూ ఆ ఒక్కరోజే మాట్లాడేసిందని లెక్క తేలింది. ఇసకలో కాలు దిగబడుతూ, ఆయాసపడుతూ వెనక నడిచాను. ముందు ఆ తడి పాదాలు ఎక్కడా తడబడకుండా ఎక్కుతున్నాయి. పైకి చేరాక వెనక్కి తిరిగి చూసింది.

"బేగి రండి సార్. లెక్కల మేడం వచ్చేసుంటారు. ఎక్కడికెల్లేవని అడిగితే నాను మీ పేరే సెప్తాను."