దశాంశం గార్డెన్ లీవు

అదేనండీ, మీరు నవ్వుతారని తెలిసే చెప్పేది. పని చెయ్యకుండా ఇంట్లో కూర్చున్నందుకు జీతమిచ్చే ఉద్యోగాలు కూడా ఈ లోకంలో ఉన్నాయి. మనబోటివాళ్ళకి రావు లెండి. లెక్కలు బాగా వచ్చినవాళ్ళకే వస్తాయి.

దశాంశానికి వచ్చింది. అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. స్నానానికి ఎంతసేపు పడుతుందని అడిగితే "పదకొండు పాయింట్ నాలుగు నిమిషాలు" అనే మనిషి మరి. షేర్ల ధరలు రేపు ఎటు పోతాయో కంప్యూటర్లో లెక్కలు కట్టి చెప్పడం అతని పని. ఇలాంటివాళ్ళని క్వాంట్లు అంటారు. ధరలు పెరిగితే వాళ్ళ తెలివి, పడితే మార్కెట్ తప్పు.

ఇంకో కంపెనీవాళ్ళు ఒకటిన్నర రెట్లు జీతమిస్తామంటే మన దశాంశం ఎగిరి గంతేసి పాత ఉద్యోగం వదిలేశాడు. పాతవాళ్ళకో రూలుంది. అతని బుర్రలో ఉన్న తమ రహస్యాలు పాతబడేదాకా ఆరు నెలలు ఇంట్లోనే ఉండాలి. జీతం వస్తుంది, ఎక్కడా పని చెయ్యకూడదు. దాన్ని గార్డెన్ లీవంటారు. దశాంశం వాళ్ళదేమో నాలుగో అంతస్తు ఫ్లాటు. ఉన్న తోటంతా బాల్కనీలో ఒక కలబంద కుండీ. రోజుకి ఎన్ని మిల్లీలీటర్ల నీళ్ళు పొయ్యాలో లెక్కకట్టి మరీ పోశాడు. నెల తిరిగేసరికి కుళ్ళిపోయింది.

అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో ఎనిమిదేళ్ళుగా నైట్ డ్యూటీ చేసింది. ఇతని కొత్త ఆఫరు చూసుకుని, సగం జీతానికి పగటి డ్యూటీకి మారింది. మొగుడు గురక పెడతాడని ఆవిడకి అప్పుడే తెలిసింది. అయినా సంతోషంగానే ఉంది పాపం.

ఆఫరు రద్దయితే? అదీ ఆలోచించాడండీ. వెనకటి ఇరవై ఏళ్ళ వివరాలన్నీ తిరగేసి, రద్దయ్యే అవకాశం నూటికి రెండు పాయింట్ మూడు అని తేల్చి, కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు.

మూడో నెలలో మార్కెట్ కుప్పకూలింది.

కొత్త కంపెనీవాళ్ళు మొదటి నెలలో తమ గుర్తు కుట్టిన స్వెటర్ పంపారు. రెండో నెలలో కుర్చీ ఏ రంగుది కావాలని అడిగారు. నాలుగో నెలలో ఇతనే ఫోన్ చేస్తే, "మీరెవరు?" అన్నంత పని చేశారు.

అయిదో నెలలో ఫ్రిజ్ పాడైంది. బావమరిది ఫ్రిజ్ మెకానిక్కే. సామాను సంచీ దించుతూనే తలుపు మీది కాగితం చూశాడు.

"ఏంటి బావా ఇది, ఫ్రిజ్ టెంపరేచరా?"

"కాదురా. ఆఫరు పోయే ఛాన్సు."

"పోయేట్టే ఉందిగా!"

"నా లెక్క తప్పు కాదు. ఆ ఇరవై ఏళ్ళలో ఇలాంటి దెబ్బ ఎప్పుడూ తగల్లేదు."

"అంటే వాన పడని రోజులన్నీ ఏరుకుని గొడుగు దండగ అన్నావన్నమాట. నేనిలా రిపేర్లు చేస్తే వీధిలో తిరగనిస్తారా? నీకు కూర్చోబెట్టి జీతమిస్తున్నారు!"

భార్య ఫోనులో ఏదో చదువుతూ వంటింట్లోకి వచ్చింది. "ఏమండీ, మీ క్వాంట్ల సగటు జీతం ఈ ఏడాది పెరిగిందట!"

"పెరక్కేం? తక్కువ జీతాల పిల్లల్నందర్నీ పీకేశారు. మిగిలినవాళ్ళ సగటు పెరిగింది."

"ఇంకా పీకాలక్కా," అన్నాడు బావమరిది, ఫ్రిజ్ వెనక నుంచి. "ఒక్కడు మిగిలేదాకా పీకితే ఈ దేశంలో క్వాంటంత సుఖపడేవాడు ఉండడు."

లీవు ఇంకో వారంలో అయిపోతుందనగా ఒక శుక్రవారం, భార్య చెప్పులేసుకుంటూ చెప్పింది. "నైట్ డ్యూటీకి తిరిగొస్తానో రానో అయిదింటిలోగా చెప్పాలి. లేకపోతే ఆ పోస్టు ఇంకొకళ్ళకిచ్చేస్తారట. మీవాళ్ళ దగ్గర్నుంచి కబురు రాకపోతే సంతకం పెట్టేస్తాను." గుమ్మం దాటాక మళ్ళీ తల లోపలికి పెట్టింది. "ఖాళీగానే ఉన్నారుగా, కుక్కర్‌కి కొత్త రింగు తెండి. టేపు పెట్టి కొలవకండి. పాతదే తీసుకెళ్ళి చూపించండి, చాలు."

నాలుగున్నరకి సామాన్ల కొట్టులో పాత రింగు చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చి రింగు బల్ల మీద పెట్టాడో లేదో, ఫోన్ మోగింది. కొత్త కంపెనీ అమ్మాయి.

"సార్, మీ పోస్టు ఆపేశారు. ఆరు నెలల కాంట్రాక్టు ఒకటుంది. జీతం మీకు మొదట చెప్పినదాంట్లో మూడో వంతు."

"నేనొకసారి లెక్క చూసుకుని..."

"అయిదు నిమిషాలు సార్. మీ వెనక నలభై మంది ఉన్నారు."

"బాబూ, పక్కకి జరగండి, మీ వెనక జనం ఉన్నారు," అన్నాడు కొట్టువాడు.

పోయినేడు జీతంలో పావు శాతం కోసం అయిదుసార్లు బేరమాడిన మనిషండీ ఇతను. ఎదురుగా గోడ గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. "వస్తాను," అన్నాడు. అని, కొట్టు మెట్లు దిగుతూనే భార్యకి ఫోన్ కొట్టాడు.

"సంతకం పెట్టావా?"

"పెన్ను చేతిలోనే ఉంది. ఏమన్నారు?"

"పెట్టకు. ఉద్యోగం ఉంది, ఆరు నెలలకి."

"జీతం?"

"పాతదాంట్లో... సుమారు సగం."

"సుమారా?" ఆవిడ గొంతులో కంగారు. "ఒంట్లో బాగానే ఉందా మీకు?"

"బాగానే ఉంది."

అటువైపు పెన్ను బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. "సరే, మీది సగం, నాది సగం. ఎలాగోలా ఈదుదాం. ఆరు నెలల తర్వాత సంగతి ఆ ఫ్రిజ్ కాగితాన్ని మాత్రం అడక్కండి. అవునూ, రింగు తెచ్చారా?"

అప్పటికి అతను బస్టాపు దాకా వచ్చేశాడు. పాత రింగు కొట్టు బల్ల మీదే ఉండిపోయింది. కొట్టువాడు దాన్ని తీసి గోడ మేకుకి తగిలించాడు. దశాంశం ఒకటో తారీఖున ఆ స్వెటరే వేసుకుని కాంట్రాక్టులో చేరాడు. కుక్కర్ మూత పక్క నుంచి ఇప్పటికీ ఆవిరి బుస్సుమంటోంది. రింగు సంగతెత్తితే చాలు, "ఈ ఆదివారం తెస్తాను" అంటాడు.