కింది మంచం ఎన్నిక

కుక్కుటేశ్వరరావుకి చెడ్డ అలవాట్లు లేవు. సిగరెట్టు ముట్టడు, పేకాట ఆడడు, పక్కవాడి సబ్బు వాడడు. ఉన్నదల్లా ఒక్క పిచ్చి, అమెరికా ఎన్నికలు. షువైఖ్‌లో గ్యారేజీల మీదున్న ఆ గదిలో బల్బు మార్చాలన్నా సరే, ముందు రెండు పార్టీలు ఏర్పడాలి, ప్రచారం జరగాలి, ఓటింగు పెట్టాలి. అంతవరకూ అందరూ చీకట్లో కూర్చోవాలి.

ఆయనది పిఠాపురం. కువైట్ వచ్చిన కొత్తలో అమెరికా సైనికుల క్యాంపులో లాండ్రీ పని దొరికింది. లాండ్రీ గోడకి టీవీ, టీవీలో పొద్దస్తమానం వాళ్ల రాజకీయాలు. మిషన్లు బట్టలు ఉతుకుతుంటే టీవీ ఈయన బుర్ర ఉతికింది. ఆ పని పోయి, స్పేర్ పార్టుల దుకాణంలో స్టోర్‌కీపరుగా చేరి ఏళ్లు గడిచినా ఉతుకు వదల్లేదు. గదిలో అందరూ ఆయన్ని అమెరికా రావు అంటారు.

ఆయన ఎదురు మంచం మునీంద్రది. రాయచోటి మనిషి, కింద గ్యారేజీలోనే మెకానిక్కు. ఈ గదిలో తెలివైనవాడు మునీంద్ర ఒక్కడే అని ఒక అభిప్రాయం ఉండేది. ఆ అభిప్రాయానికి పడ్డ ఓటు కూడా ఒక్కటే, అది మునీంద్రదే.

శుక్రవారం కూర సంగతే తీసుకోండి. లోకంలో ఎక్కడైనా ఆకలేస్తే వండుకుంటారు. రావు అలా ఒప్పుకోడు. శాకాహార పార్టీ ముందు తనలో తాను ఓటేసుకుని పప్పా, సాంబారా తేల్చాలి. మాంసాహార పార్టీ కోడా, వేటా తేల్చాలి. ఇంటి గొడవ తేలాక ఆ ఇద్దరు అభ్యర్థులూ అసలు పోటీలో తలపడాలి. తొలి ఓటింగు వంటగదిలో జరగాలి, ఎందుకంటే అమెరికాలో కూడా ముందు ఒక చిన్న రాష్ట్రంలోనే మొదలవుతుందట. వేటమాంసం, పప్పు హోరాహోరీగా ప్రచారం చేసుకునేసరికి పొద్దుగూకింది. ఆకలికి ఆగలేక అందరూ ఖుబ్జ్ రొట్టెల్లో గుడ్లు వేసుకుని తిన్నారు. గుడ్లు అసలు పోటీలోనే లేవు.

ఇంకోసారి కూరలో కారం తగ్గించాలని ‘కడుపుమంట బాధితుల సంఘం’ పెట్టించాడు. సీమ మనుషులున్న గదిలో కారం తగ్గించడమంటే మాటలా? అయినా ఆ సంఘంలోని ఇద్దరు సభ్యులూ వంట చేసేవాడి పక్కన చేరి, పొద్దునా సాయంత్రం సణిగి సణిగి పని సాధించారు. జనం తక్కువైనా పట్టు విడవకపోతే మాట చెల్లుతుందని, దాన్నే లాబీయింగు అంటారని రావు అందరికీ వివరించాడు. ఆ సంఘాన్ని అందరికంటే ఎక్కువగా ఎగతాళి చేసింది మునీంద్ర. సంఘంలో రెండో సభ్యుడు కూడా మునీంద్రే.

ఉండబట్టలేక ఒకసారి మునీంద్ర రావుని అడిగేశాడు.

“మనకెందుకు సామీ అమెరికా గొడవ? మన ఓట్లు ఊర్లో ఉండాయి, మనం ఈడ ఉండాం.”

“అందుకేనండి,” అన్నాడు రావు. “ఓటక్కడ, మనిషిక్కడ. ఏదోటి చేత్తా ఉండకపోతే అలవాటు తప్పిపోద్ది కదండి, ఆయ్.”

ఇలా ఉండగా సైఫుల్లా పని ఖలాస్ చేసుకుని కడప వెళ్లిపోయాడు. ఏసీ పక్కనున్న అతని కింది మంచం ఖాళీ అయింది. ఆ గదిలో ఏసీ రిమోటు ఆ మంచానిదే. ఎవరు పడుకుంటే వాళ్లదే చలి, వాళ్లదే ఉక్క. కువైట్ ఎండల్లో అది మంచం కాదు, సింహాసనం. గదిలో మిగిలింది వంట చేసేవాడితో కలిపి ఏడుగురు.

పైమంచాల్లో ముగ్గురున్నారు. మునీంద్ర, రావు, తిమ్మయ్య. తిమ్మయ్య అందరికంటే పెద్దవాడు, సబ్హాన్ గోడౌన్లో లోడింగు పని. నిచ్చెన ఎక్కుతుంటే నిచ్చెనా మోకాళ్లూ కలిసి కిర్రుమంటాయి. కింది మంచంలో ఉండే డ్రైవరు ఖాజావలి ఒకసారి మంచం మార్చుకుందామన్నాడు. తిమ్మయ్య మొహం ముడుచుకుంది. “నా మోకాళ్లు నేను మోసుకుంటా నాయనా. ఎవురూ జాలి పడబల్ల్యా,” అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఖాజావలితో మాట్లాడలేదు. పొద్దుగూకితే తిమ్మయ్య నీళ్లు ముట్టేవాడు కాదు. ఎందుకో మునీంద్రకి అర్థం కాలేదు. ఏదో మొక్కేమో అనుకున్నాడు. గదిలో తెలివైనవాడు కదా.

రావు ఎన్నిక ప్రకటించాడు. మునీంద్ర ముందే నిలబడ్డాడు. రిమోటు చేతికొస్తే ఏసీ పద్దెనిమిదిలో పెడతానని వాగ్దానం చేశాడు. చలి కావాలనే అబ్బాస్, ముస్తాక్ చప్పట్లు కొట్టారు.

పోటీ లేని ఎన్నిక ఎన్నికే కాదని రావు పట్టుబట్టి తిమ్మయ్య దగ్గరికెళ్లాడు. తిమ్మయ్య తనకు ఇవన్నీ యాల, వద్దన్నాడు. ఊరికే పేరుకి నిలబడమని, ఎలాగూ ఓడిపోతారని రావు భరోసా ఇచ్చాడు. ఓడిపోవడానికైతే తిమ్మయ్యకు అభ్యంతరం లేకపోయింది. ఈ సంగతి మునీంద్రకీ చెప్పాడు రావు. మునీంద్ర పొంగిపోయి, ఒక పికప్ బండి కింద పడుకుని ఇంజన్ ఆయిల్ కారుతుండగా విజయోపన్యాసం రెండుసార్లు చెప్పుకున్నాడు.

ఓటింగుకి ముందు పొద్దున అమెరికా రావు గొంతు సవరించుకుని, తానూ మూడో అభ్యర్థిగా దిగుతున్నానన్నాడు. తనకు గనక రిమోటిస్తే ఏసీ పదహారులో పెడతానన్నాడు. మునీంద్ర నవ్వాడు. ఈ పిచ్చి మనిషికి ఎవరు వేస్తారు?

ఒక్కొక్కరికీ మూడు గింజలిచ్చారు. శనగ మునీంద్రకి, అలసంద తిమ్మయ్యకి, పెసర రావుకి. వంటగదిలో పాలపొడి డబ్బా పెట్టారు. ఒక్కొక్కరే లోపలికెళ్లి నచ్చిన గింజ ఒకటి వేసి వచ్చారు. రావు డబ్బా తలకిందులు చేశాడు. అలసందలు మూడు, శనగలు రెండు, పెసలు రెండు. తిమ్మయ్య గెలిచాడు.

ఇంకో శనగ అంటుకుని ఉందేమోనని మునీంద్ర డబ్బా లోపలికి తొంగిచూశాడు. ఉపన్యాసం మాత్రం గొంతులోనే ఉంది. తిమ్మయ్య అంతకంటే కంగారుపడి, “ఇదేంది నాయనా, నేను మునీంద్రకే ఏసినానే. నాకొద్దు, ఆ పిల్లోనికే ఇచ్చేయండి,” అన్నాడు.

“అలా కుదరదండి,” అన్నాడు రావు. “ఎవరో జాలిపడి ఇచ్చిందైతే వద్దనొచ్చండి. ఇది జనం తీర్పండి. కాదంటాకి మీరెవరండి, నేనెవర్నండి?”

తిమ్మయ్య డబ్బా వైపు చూశాడు, అలసందల వైపు చూశాడు. జాలిని ఎలా తోసెయ్యాలో ఆయనకి బాగా తెలుసు. జనాన్ని తోసెయ్యడం ఆయనకి చేతకాలేదు.

మునీంద్ర అబ్బాస్‌నీ, ముస్తాక్‌నీ వంటగదిలోకి లాగి నిలదీశాడు. ఇద్దరూ తలొంచుకున్నారు. పద్దెనిమిది కంటే పదహారు చల్లగా ఉంటుంది కదా భాయ్ అన్నారు. అంటే రెండు పెసలూ వీళ్లవే. రెండు శనగల్లో ఒకటి తనది, ఒకటి తిమ్మయ్యది. మరి రావు తన గింజ ఎందులో వేసినట్టు? మునీంద్ర ఆలోచించాడు. ఎంత చూసినా లెక్క ఒకటే. నిలబడ్డ మనిషి తనకి తాను ఓటేసుకోలేదు. మునీంద్రకి పడాల్సిన రెండు ఓట్లు చీల్చడానికే నిలబడ్డాడు.

రావు దగ్గరికొచ్చి నిలబడ్డాడు మునీంద్ర. “నువ్వు ఎవురికేసినావు సామీ?”

“రహస్య ఓటింగండి,” అన్నాడు రావు, మొహంలో ఏ భావమూ లేకుండా. “ముందు ఓటమి ఒప్పుకుని గెలిచినాయన్ని అభినందించండి. అమెరికాలో అదే ఆనవాయితీ.”

“ఆడ ఎప్పుడూ తప్పలేదా?”

రావు కాసేపు దగ్గాడు. “మనం మంచియ్యే నేర్చుకుందావండి.”

భోజనాల దగ్గర మునీంద్ర లేచాడు. విజయోపన్యాసం తప్ప ఇంకేదీ సిద్ధంగా లేదు కాబట్టి దాన్నే, ‘నేను’ ఉన్నచోటల్లా ‘తిమ్మయ్యన్న’ అని పెట్టి చెప్పాడు. అది మొదటి దానికంటే బాగుందని ఖాజావలి అన్నాడు. మొదటిది అతనెప్పుడు విన్నాడో మునీంద్ర అడగలేదు. పికప్ బండి అతనిదే.

తిమ్మయ్య అన్నం తిని, ఒక గ్లాసు లబన్ మజ్జిగ తాగాడు. నిచ్చెన వైపు ఒకసారి చూసి, అది ఇక తనది కాదని గుర్తొచ్చినట్టుంది, ఇంకో గ్లాసు పోసుకున్నాడు. చీకటి పడ్డాక ఆయన ఏదైనా తాగడం మునీంద్ర చూడటం అదే మొదటిసారి. అది మొక్కు కాదని, రాత్రిళ్లు నిచ్చెన దిగాల్సి వస్తుందనేనని అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లు ఒకే గదిలో పడుకుని గమనించనందుకు సిగ్గేసింది. ఎదురు మంచం పిచ్చాయన మీద మాత్రం బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, లేచి వెళ్లి తిమ్మయ్య పెట్టె పైమంచం మీంచి దించసాగాడు.

రావు చేతులు కట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. “అధికార మార్పిడి శాంతియుతంగా జరుగుతుందండి. ప్రజాస్వామ్యానికి ఇంతకంటే ఏం కావాలండి.”

“ఇంగొక చెయ్యి కావల్ల సామీ,” అన్నాడు మునీంద్ర, పెట్టె బరువుకి వంగిపోతూ. “ఆ పక్క పట్టుకో.”