అన్ని ఆంప్‌లూ ఉన్న డబ్బా

పటాన్‌చెరులో మా బ్యాండ్‌లో కొత్తగా చేరిన ఆ గిటారిస్టు ఏం మాట్లాడినా ముందు, ఏ ఆంప్లిఫయర్ ధ్వనినైనా అనుకరించే తన డిజిటల్ డబ్బాను బొటనవేలితో తట్టేవాడు. "లోకంల ఉన్న ఆంప్‌లన్నీ ఈ డబ్బలనే ఉన్నయన్నా. నీ ఇనుప సామాను ఇంట్ల పెట్టుకో." ఇరవై ఏళ్లుగా నేను మోస్తున్న ఆంప్లిఫయర్‌ను అన్న మాట అది. నేను మరిచిపోలేదు.

సుల్తాన్‌పూర్‌లో ఒక కంపెనీ వార్షికోత్సవంలో, ఎప్పుడూ నేను వాయించే గిటార్ సోలోను కూడా లాక్కున్నాడు. "నువ్వు వెనుక రిథమ్ పట్టుకో, చాలు."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. తన చెవులకు వినిపించేలా డబ్బాను సరిచేసుకున్నాడు గాని, బయటి స్పీకర్లకు వెళ్లే మీటను సున్నా దగ్గరే వదిలేశాడు. ఆ సోలో అతనికి తప్ప ఎవరికీ వినిపించలేదు. పాట పరువు పోకూడదని, నా ఇనుప సామాను మీద నేనే వాయించాను. చప్పట్లు మోగాయి. అతను వంగి దండం పెట్టాడు.

మర్నాడు ఎవరో తీసిన వీడియో వినిపిస్తూ, బొటనవేలితో ఫోన్‌ను తట్టాడు.

"సూడన్నా, అచ్చం నీ ఆంప్ లెక్కనే లేదా?"

"అచ్చం అదే, తమ్మీ" అన్నాను.

మెచ్చుకున్నాననుకుని మురిసిపోయాడు.