తరవాతి భాగాలతో చేసిన అట్టలు

2022 చలికాలం. చోడవరం మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక్క గది నా బైండింగ్ షాపు. చెరకు క్రషింగ్ రోజుల్లో గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే తీపి వాసన మైదా జిగురు వాసనతో కలిసిపోతుంది. ఆ మధ్యాహ్నాల్లో చేతులు పనిచేస్తూంటే మనసు సగం నిద్రలో ఉంటుంది. మా తాతగారి కాలంలో బైండరే మా మేడకి వచ్చి, నెల్లాళ్లుండి పుస్తకాలు కుట్టి వెళ్లేవాడు. మా నాన్నగారి కాలంలో ఆ పుస్తకాలన్నీ తూకానికి పోయాయి. నేను ఆ పని నేర్చుకున్నాను. అందులో దాచుకోవలసినదేమీ లేదు.

కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే వరలక్ష్మి ఒకరోజు రెండు కట్టలు తెచ్చింది. మొదటిది ఒక వారపత్రికలో వచ్చిన సైన్స్ సీరియల్. వారం వారం పేజీలు చింపి దాచినది. రెండోది, ఆ రచయిత పోయాక అదే పత్రికలో వేరొకరు రాసిన మూడు తరవాతి భాగాలు. దాచినది ఆమె అన్నయ్య సన్యాసిరావు, రిటైరైన చెరకు కాటా గుమస్తా. ఆయనకి గ్లకోమా. చదువుకునే చూపు ఇంకొన్ని నెలలేనని డాక్టరు చెప్పారట. ఈలోగా మొదటి కథని తన కళ్లతో మరోసారి చదువుకోవాలని ఆయన కోరిక. కానీ ఆ రెండో కట్ట చేతికి తగిలితే చాలు, కోపమొచ్చి మొత్తం పక్కన పెట్టేస్తున్నాడట.

అంత నచ్చనివి ఎందుకు కొన్నారని అడిగాను.

"ఈ వారమైనా బాగుపడతాదేమోనని. మూడేళ్లు అలాగే కొన్నాడు. ఇప్పుడు పారేద్దామంటే పారెయ్యనివ్వడు."

"అంత తప్పు ఏం చేశాడమ్మా ఆ రెండో రచయిత?"

"కథలో ఆ సముద్రానికి ఒడ్డు లేదని చెప్పి పెద్దాయన వదిలేసేడు. ఈయనొచ్చి ఒడ్డు కట్టి, దానిమీద ఫ్యాక్టరీ ఎట్టీసేడు."

మేం బోర్డు కొనకుండా కూడా అట్ట చేస్తాం. పాత కాగితాలు ఒకదానిమీద ఒకటి అంటించి, ప్రెస్‌లో బిగించి ఆరబెడితే గట్టిపడుతుంది. ఆ మూడు భాగాలతో అట్టలు చేసి, మొదటి కథకి వెయ్యమని ఆమె అడిగింది. కథ రాసిన కాగితానికి జిగురు పూయడం మా ఇంటావంటా లేదని చెప్పాను.

"మీ ఇంట ఇప్పుడు ఏటుంది బాబుగారూ?" అంది. అనేసి తలొంచుకుంది.

నాకు చెవులు వేడెక్కాయి. అయినా కట్టలు తీసుకున్నాను. రెండూ చదివాకే మాట ఇస్తానన్నాను.

మొదటి కథ రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఏదో గ్రహం, అంతా నీరే. ఒక పడవమనిషి వెలుతురుని నూలులా వడికి తెరచాప నేస్తూ పోతూంటుంది. ఎక్కడికో రచయిత చెప్పడు. చదివి బయటికొస్తే సందులో ఎండ కూడా నీళ్లలా కదిలినట్టనిపించింది. తరవాతి భాగాల్లో ఆ మనిషికి శత్రువులు, సైన్యం, పెళ్లి. ఆమె ఊసే మరిచిపోయిన పేజీలు బోలెడు. వరలక్ష్మి చెప్పింది అబద్ధం కాదు.

కానీ మూడో భాగంలో ఒక్క పేజీ ఉంది. యుద్ధం మధ్యలో ఆమె పడవ అంచున కూర్చుని, దోసిట్లో నీళ్లు తీసుకుని, అందులో తన ముఖం కనపడేదాకా ఆగుతుంది. అంతే. ఆ పేజీ పక్కన పెట్టి, మిగతా వాటికి జిగురు రాశాను. అట్టనీ పుస్తకాన్నీ కలిపే కాగితాన్ని ఎండ్ పేపర్ అంటాం. వెనక అట్ట లోపలివైపు దానిమీద ఆ పేజీ అంటించాను.

పని ఇంటికి తీసుకెళ్లి ఇవ్వడం నా అలవాటు కాదు. అయినా ఆటోలో వాళ్ల ఊరు బుచ్చయ్యపేట వెళ్లాను. అరుగుమీద ఉదయపు వెలుతుర్లో సన్యాసిరావుగారు పుస్తకాన్ని కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకున్నారు. మిగతావి అట్టల్లో ఉన్నాయని చెల్లెలు చెప్పింది. ఆయన వేలితో అట్టమీద తట్టి నవ్వారు.

"ఇప్పటికి కథని మోస్తన్నాయన్నమాట."

తరవాత వెనక్కి తిప్పి, ఆ ఒక్క పేజీ చాలాసేపు చదివారు.

"ఇది పెద్దాయన రాసిందే. నా దగ్గర లేదే?"

"ఆయనది కాదండి. మూడో భాగంలోది," అన్నాను.

ఆయన మళ్లీ పుస్తకం మీదికి వంగారు. వేలు ఆ పేజీ మీదే ఉంచారు.

"కళ్లు బాగున్నప్పుడు నాకిది కనపడలేదు," అన్నారు చివరికి. పుస్తకం ముందుకి తిప్పి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు.

అప్పటినుంచి, అట్టలోకి వెళ్లే కాగితం ఏదైనా రెండువైపులా చదివాకే జిగురు రాస్తున్నాను. పని ఆలస్యమవుతోందని గిరాకీలు విసుక్కుంటారు. విసుక్కోనీ.