ఆకాశరామన్నను కాలేక

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది వేసవిలో నేను కడప జిల్లాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీకి సీనియర్ పర్సనెల్ ఆఫీసర్ని. నియామకాలు, సెలవులు, చార్జిషీట్లు మా శాఖ పని. ఇంజనీర్లు ఒకరి వెంట ఒకరు రాజీనామాలిస్తుంటే హెడ్డాఫీసుకు ఒళ్లు మండింది. ఉద్యోగస్తుల పరిచయాల సైటులో వేరే కొలువు వెతుక్కుంటున్న మా అధికారులందరి జాబితా పంపమంది. జనరల్ మేనేజరు ఆ కాగితం నా చేతికిచ్చి, "గుట్టుగా కానీప్పా" అన్నారు. ప్రొబేషన్‌లో ఉన్నవాడి పేరు అందులో పడితే ఉద్యోగం ఊడినట్టే.

ఆ సైటులో 'పని వెతుకుతున్నాను' అనే గుర్తును నియామకాలు చేసేవాళ్లకు మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు. సొంత కంపెనీకి కనబడకుండా చూస్తామంటారు. మా శాఖ నియామకాల ఖాతా మాతృసంస్థ పేరుతో ఉండటం వల్ల మాకు అందరి గుట్టూ కనబడింది.

పని మొదలుపెట్టే ముందు నా సొంత గోప్యత చూసుకున్నాను. ఫోను నంబరు దాచాను, పుట్టినరోజు దాచాను, ఫొటో తీసేశాను. ఇతరుల పేజీలు చూసేటప్పుడు పేరు, హోదాతో చూస్తారా, అనామకంగా చూస్తారా అని సైటు అడిగింది. ముప్పై ఏళ్లుగా ఆకాశరామన్న ఉత్తరాలు చించి పారేసినవాణ్ణి. మా శాఖలో ఎవరి ఫైలు తీసినా రిజిస్టరులో సంతకం పెట్టాలి. అలవాటుకొద్దీ పేరు, హోదానే ఎంచుకున్నాను. అది సైటువాళ్ల రిజిస్టరుకు పోతుందనుకున్నాను గాని, ఎవరి పేజీ చూశానో వాళ్ల ఫోనుకే పోతుందని తెలియదు. సాయంత్రానికి ఒక్కరినీ వదలకుండా చూసేశాను.

మర్నాడు అధికారులు నా గది ముందు బారు తీరారు. ఒకాయనైతే అడగకుండానే తనకు కంపెనీ అంటే ప్రాణమన్నాడు. చివర ఓబులేసు వచ్చాడు. సిమెంటు రాయి కాల్చే కొలిమి, అదే కిల్న్ దగ్గర షిఫ్టు ఇంజనీరు, ప్రొబేషన్‌లో ఉన్నాడు.

"మా ఇంటామెకు కోడుమూరులో టీచరుద్యోగం వచ్చిండాది సార్. ఆ పక్క ఏమన్నా దొరుకుతాదేమోనని సూస్తాండా, అంతే. దొరికేదాకా ఇదే మాకు ఆధారం. నా పేరు రాయొద్దు సార్."

చూద్దామన్నాను. మా శాఖలో చూద్దామంటే కుదరదని అర్థం.

ఇంతలో జనరల్ మేనేజరు పిలిచి, తలుపు తానే వేశారు.

"ఏమప్పా సుబ్బరాయుడూ, నా పేజీలో నీకేం పని?"

"అధికారులందరినీ సూడమన్నారు గద సార్" అన్నాను. ఆ గుర్తు ఆయన పేజీలోనూ ఉంది.

ఆయన గొంతు తగ్గించి, "మనోళ్లు ఎవురూ యాడికీ పోయేటట్లు లేరని రాసి పంపు" అన్నారు. ఇలా శూన్యమని పంపేదాన్ని నిల్ రిపోర్టు అంటారు. అదే పంపాను. మా ఫ్యాక్టరీ క్రమశిక్షణను హెడ్డాఫీసు మెచ్చుకుంది. మూడు నెలలకు జనరల్ మేనేజరు కర్ణాటకలో వేరే కంపెనీలో చేరారు.

ఓబులేసుకు కన్ఫర్మేషన్ వచ్చింది. మిఠాయి పొట్లంతో వచ్చి, నా మేలు మరిచిపోనన్నాడు. నేను కాదనలేదు, మిఠాయి తిన్నాను.

అతని ఉద్యోగం నిలిచింది నా దయవల్ల కాదని ఇన్నాళ్లకు రాస్తున్నాను. జనరల్ మేనేజరు పేజీలో ఆ గుర్తు లేకపోయి ఉంటే, ఓబులేసు పేరు పూర్తి హోదాతో రాసి, కింద సంతకం పెట్టి పంపేవాణ్ణే.